యాసంగికి ముందే నీటి లెక్క తేల్చుకోవాలి

సంపాదకులు గారికి,

యాసంగి నాట్ల వేళకు మా దేవరకొండ ప్రాంతంలో బోరుబండ్ల చప్పుడు మొదలవుతుంది. ఎండిన బోరు పక్కనే మరొకటి వేసిన రైతుకు ఆ అప్పు ఆయన సొంతమే గాని, తోడే నీరు మాత్రం ఊరందరిదీ.

చెరువు కింద సేద్యానికి వెనుక తైబంది ఉండేది. వానలు ఆగాక చెరువులో మిగిలిన నీటిని చూసి, యాసంగిలో ఏ తూము కింద ఎంత మేర నాటాలో ముందే నిర్ణయించేవారు. ఏ మడికి ఎప్పుడు నీరు వదలాలో నీరటికాడు చూసుకునేవాడు, అతని వాటా ధాన్యాన్ని కళ్లంలోనే కొలిచేవారు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద చెరువుల్లో పూడిక తీశారు, కట్టలకూ తూములకూ మరమ్మతులు చేశారు. సంతోషమే. కానీ మా వైపు తైబందికి కూర్చునే అలవాటు మాత్రం తిరిగి రాలేదు.

బోర్లకు ఈ పద్ధతి కుదరదనే వారికి ఒక సంగతి గుర్తు చేయాలి. ఉమ్మడి రాష్ట్రంలో నల్గొండ, మహబూబ్‌నగర్ సహా 7 కరువు జిల్లాల్లో రైతులే వాన కొలిచి, బోర్లలో నీటిమట్టం చూసి రాసుకుని, యాసంగి విత్తే ముందు ఊరందరి ఎదుట నీటి లెక్క చెప్పుకున్నారు. పంట ఎంపిక రైతు ఇష్టానికే వదిలినా, లెక్క చూసి వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లినవారున్నారు. ఎకరంపై 1 మిల్లీమీటరు వాన పడితే సుమారు 4,000 లీటర్లు. బడి పిల్లలు కూడా వేయగల లెక్క ఇది.

2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక, కరెంటు రాగానే మోటారు దానంతటదే నడిచేలా ఆటో స్టార్టర్ పెట్టి మరిచిపోయే అలవాటు పెరిగింది. మా చెలకల్లో నలుగురం రైతులం ఆటో స్టార్టర్లు తీసేసి, ఉన్న రెండు బోర్ల నీటినే పైపులతో వంతుల ప్రకారం వాడుకుంటున్నాం. మొదటి ఏడాది వంతుల దగ్గర మాటామాటా పెరిగిన మాట దాచను. మోటారు కొట్టం గోడ మీద వంతులు రాసుకున్నాకే సద్దుమణిగింది.

కాబట్టి ప్రతి గ్రామ పంచాయతీ దసరా, దీపావళి మధ్య నీటి లెక్క కోసమే ఒక గ్రామసభ పెట్టాలనీ, ఆ ఏటి వానపాతం, బోర్ల నీటిమట్టం వివరాలను పంచాయతీ గోడ మీద రాయించాలనీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఆ సభకు కౌలుదార్లనూ, బోరు లేనివారినీ తప్పక పిలవాలి. వేసవిలో ఊరి మంచినీటి బోరు ఎండితే బిందె పట్టుకుని ముందుగా బయలుదేరేది ఆ ఇళ్లవాళ్లే.

ఇట్లు,
ఒక రైతు,
దేవరకొండ ప్రాంతం, నల్గొండ జిల్లా