పాత బండికి లైటు సరిగ్గా రాకపోతే బల్బు కాదు, ఛార్జింగ్ వైరింగ్ చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్ జిల్లా పేజీలో రాత్రిపూట బైకు యాక్సిడెంట్ వార్త చదివినప్పుడల్లా నాకు ఒకటే బాధ. ఆగి ఉన్న ట్రాక్టర్‌ని వెనక నుంచి గుద్దాడు అని రాస్తారు, స్పీడు అని రాస్తారు, కానీ ఆ బండి హెడ్‌లైట్ ఎంత దూరం పడతా ఉందో ఎవరూ అడగరు. ఆ విషయం గురించే ఈ ఉత్తరం, కొంచెం పొడుగైనా ఓపిగ్గా చదవండి.

మాది గిద్దలూరు దగ్గర పల్లె. గేదెలున్నాయి, తెల్లారుజామున నాలుగున్నరకల్లా పాల క్యాన్లు కట్టుకుని బయల్దేరాలి, చలికాలమైతే ఆ టైంకి చీకటి ఇంకా గట్టిగానే ఉంటుంది. అప్పుడప్పుడు పనిబడి నంద్యాల పోతే నల్లమల అడవి రోడ్డులో రాత్రి తిరిగి రావాలి. నా బండి 1999లో కొన్న హీరో హోండా స్ప్లెండర్. 15 ఏళ్ళు నిండాక 2014లో ఒకసారి, తర్వాత 2019లో, 2024లో రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించా, ఇంజన్ ఇప్పటికీ బాగుంది, మైలేజీకి ఢోకా లేదు. ఉన్నదల్లా లైటు సమస్యే. రేస్ ఇస్తే వెలుగుతుంది, యాక్సిలేటర్ వదిలితే దీపం వత్తిలాగా అయిపోతుంది. గుంత కనపడిందనో కుక్క అడ్డమొచ్చిందనో స్పీడు తగ్గిస్తాం కదా, సరిగ్గా అప్పుడే లైటు కూడా తగ్గిపోతుంది, అంటే బాగా చూడాల్సిన టైంలోనే ఏమీ కనపడదు. మన ఊళ్ళలో ఈ రకం పాత బళ్ళు ఇంకా ఎన్ని తిరుగుతున్నాయో చూస్తే నాకు భయమేస్తుంది. 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త బళ్ళకి పగలు కూడా లైటు వెలిగి ఉండాలని రూల్ వచ్చింది, మంచిదే, మరి అంతకుముందు కొన్న మా బళ్ళ సంగతి?

నేను చేసిన తప్పులు ముందు చెప్తా, వేరేవాళ్ళు చేయకుండా ఉంటారని. కంపెనీ బల్బు 35 వాట్లు. అది చాలట్లేదని 100 వాట్ల బల్బు వేశా, ఇంకా డిమ్ అయింది, ఇంజన్‌లో కరెంటు పుట్టించే కాయిల్ ఇచ్చేదే తక్కువైతే పెద్ద బల్బుకి ఎక్కడి నుంచి వస్తుంది. తర్వాత ఎల్ఈడీ వేశా, అది ఐడ్లింగ్‌లో టపటపా కొట్టుకుంటూ కళ్ళు తిరిగేట్టు చేసింది. తర్వాత ఒక షాపులో హెడ్‌లైట్ వైర్ కోసి బ్యాటరీకి డైరెక్ట్ ఇచ్చారు, పది రోజులు బ్రహ్మాండంగా వెలిగి ఆ చిన్న 2.5 ఏహెచ్ బ్యాటరీ దిగిపోయింది. ఇంకో షాపులో ఛార్జింగ్ సరిపోవట్లేదని వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పీకేసి మధ్యలో ఒక డయోడ్, అంటే కరెంటుని ఒక వైపే పోనిచ్చే ముక్క, వేసి ఇచ్చారు, రోడ్డు మీద స్పీడుగా పోయేసరికి వోల్టేజీ ఆపేవాడు లేక బ్యాటరీ ఉబ్బి, యాసిడ్ కారి సైడు డబ్బా లోపలంతా తినేసింది. వాళ్ళని తిట్టడానికి ఇది రాయట్లేదు, వాళ్ళకి ఎవరూ నేర్పలేదు, ఒకరిని చూసి ఒకరు చేస్తున్నారు అంతే.

అసలు విషయం నాకు చెప్పింది నంద్యాలలో మోటార్ వైండింగ్ చేసే ఒక పెద్దాయన. మీటరు పెట్టి చూసి "అబ్బాయ్, నీ కాయిల్ బాగానే ఉంది, అది చేసే కరెంటులో సగమే నీ బ్యాటరీకి పోతా ఉంది" అన్నాడు. కాగితం మీద గీసి చూపించాడు. ఇంజన్ తిరిగితే మాగ్నెట్ తిరుగుతుంది, లోపలున్న కాయిల్‌లో ఏసీ కరెంటు పుడుతుంది, అది ఒకసారి ఇటు ఒకసారి అటు పారుతుంది. పాత స్ప్లెండర్, సీడీ 100 లాంటి బళ్ళలో కాయిల్ ఒక కొస ఇంజన్ బాడీకే ఎర్త్ చేసి ఉంటుంది, రెండో కొస తెల్ల వైర్‌గా బయటికొచ్చి ఛార్జింగ్‌కి పోతుంది, మధ్యలో నుంచి తీసిన పసుపు వైర్ హెడ్‌లైట్‌కి పోతుంది. బ్యాటరీకి ఒక వైపు పారే సగం అలే చేరుతుంది, దాన్నే హాఫ్ వేవ్ అంటారు. హెడ్‌లైట్‌కి బ్యాటరీతో సంబంధమే లేదు, నేరుగా ఏసీ మీద బతుకుతుంది, అందుకే ఇంజన్ ఎంత తిరిగితే అంత వెలుగు. అప్పట్లో చిన్న బ్యాటరీ, తక్కువ ఖర్చు చూసుకుని అట్లా చేశారు, బ్యాటరీ చచ్చినా కిక్ కొడితే బండి స్టార్ట్ అయ్యేది, అది నిజంగా మంచి గుణమే.

దీనికి మందు ఏంటంటే ఆ ఎర్త్ కొసని విప్పి రెండు కొసలూ బయటికి తేవడం. వినడానికి చిన్న పనే, ఓపిక కావాలి. మాగ్నెట్‌ని పుల్లర్‌తోనే తీయాలి, సుత్తితో కొడితే మాగ్నెట్ పగులుద్ది, క్రాంక్ కూడా దెబ్బతింటుంది. కాయిల్ ప్లేట్ తీశాక ఎర్త్ దగ్గర సోల్డరింగ్ పాయింట్ కనపడుతుంది, ఇక్కడే జాగ్రత్త, స్పార్క్‌కి కరెంటిచ్చే కాయిల్ ఎర్త్ కూడా అక్కడే కలిసి ఉండొచ్చు, అది కదిలిస్తే స్పార్క్ రాదు. లైటింగ్ కాయిల్ కొస ఒక్కటే విడదీసి, వేడిని తట్టుకునే వైర్ సోల్డర్ చేసి, స్లీవ్ తొడిగి పాత వైర్లు వచ్చే దారిలోనే బయటికి తీసుకురావాలి. తర్వాత మీటర్ బజర్‌లో పెట్టి చూడాలి, కొత్త వైర్‌కీ తెల్ల వైర్‌కీ మధ్య బీప్ రావాలి, ఆ రెంటిలో దేనికీ ఇంజన్ బాడీతో బీప్ రాకూడదు. వచ్చిందంటే ఎక్కడో వైండింగ్ గీరుకుపోయింది, బిగించకూడదు. కాయిల్ నుంచి వచ్చే పసుపు వైర్ ఇక దేనికీ కలపకుండా కొస మూసి టేప్ చుట్టి వదిలేయాలి. పాత రెగ్యులేటర్ పనికిరాదు, రెండు ఏసీ వైర్లు, ఒక ప్లస్, ఒక ఎర్త్ ఉండే ఫుల్ వేవ్ రెగ్యులేటర్, అంటే రెండు వైపులా పారే అలనీ బ్యాటరీకి పంపేది, వేసుకోవాలి, అది బాగా వేడెక్కుతుంది కాబట్టి గాలి తగిలే చోట బాడీకి గట్టిగా బిగించాలి. చివరికి హెడ్‌లైట్ ఏసీ మీద నుంచి డీసీ మీదకి, అంటే ఒకే వైపు పారే బ్యాటరీ కరెంటు మీదకి రావాలి. నేనైతే రిలే, అంటే లోడు కీ స్విచ్ మీద పడకుండా మోసే ఇంకో స్విచ్, పెట్టి ఇచ్చా, 35 వాట్లంటే దాదాపు 3 ఆంప్స్, అంత లోడు పాతికేళ్ళ కీ స్విచ్ మీద వేయడం నాకు మనసొప్పలేదు.

ఒక ఆదివారం పొద్దున కూర్చుంటే సాయంత్రానికి అయింది, ఖర్చు 1,500 లోపే. ఇంతకుముందు లైటు వేసి రేస్ ఇచ్చినా బ్యాటరీ దగ్గర మీటరు 12.3 వోల్టులు దాటేది కాదు, ఇప్పుడు అదే కంపెనీ బల్బుతో 14.1 చూపిస్తుంది. ఐడ్లింగ్‌లో ఆ వోల్టేజీ ఇప్పటికీ కొంచెం దిగుతుంది, ఆ కాయిల్ తాహతు అంతే, దాచేదేం లేదు, కానీ లైటు మాత్రం ఒకే తీరుగా నిలబడి ఉంటుంది. మొదటి రోజు పాలకి పోయేటప్పుడు స్పీడ్ బ్రేకర్ దగ్గర యాక్సిలేటర్ వదిలా, ముందున్న రోడ్డు అట్లాగే కనపడింది, నిజం చెప్తున్నా, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళు ఎంత గుడ్డిగా తిరిగానో అప్పుడు అర్థమైంది.

ఇంకో మాట చెప్పాలి, ఫ్యూజ్. మా ఊళ్ళో నేను విప్పి చూసిన పాత బళ్ళలో చాలావాటికి ఫ్యూజ్ ఉండాల్సిన చోట రాగి తీగో సిగరెట్ పెట్టెలోని వెండి కాగితమో ఉంది. పెట్రోల్ ట్యాంక్ కిందుగా వైర్లు పోతుంటే ఎక్కడన్నా ఒరుసుకుని షార్ట్ అయితే కాలేది వైర్ కాదు, బండి, దాని మీదున్న మనిషి. బ్యాటరీ ప్లస్ దగ్గరే 10 ఆంప్స్ ఫ్యూజ్ పెట్టండి, అది ఊరికే పోతుంటే తీగ చుట్టడం కాదు, ఎందుకు పోతుందో వెతకండి. దయచేసి.

మీకు నా విన్నపం ఏంటంటే, ఈ పని గురించి కావాలంటే సమాచారం ఎక్కువగా ఇంగ్లీషులోనే దొరుకుతుంది, మా మెకానిక్ కుర్రాళ్ళు పదో తరగతి కూడా దాటనివాళ్ళు, చేతిలో పని ఉంది కానీ ఇంగ్లీషులో ఉన్న వైరింగ్ బొమ్మ చదవలేరు. మీ ఆదివారం సంచికలో ఒక అర పేజీ ఇచ్చి తెలుగులో, వైర్ల రంగులతో సహా వైరింగ్ బొమ్మ వేయండి. ఐటీఐల్లో టూ వీలర్ పని చెప్పే మాస్టార్లతో రాయించండి, నా మాట మీద వద్దు, వాళ్ళు సరిచూసి చెప్తే జనం నమ్ముతారు. అట్లాంటి పేజీ వస్తే షాపుల్లో గోడకి అంటించుకుంటారు, మా ఊరి షాపుకి నేనే తీసుకెళ్ళి అంటిస్తా.

ఆ పెద్దాయన గీసిన కాగితం బాగా నలిగిపోయింది, అందుకే దాన్ని చూసి రంగు పెన్నులతో మళ్ళీ గీసి ఈ కవర్లోనే పెట్టా. తెల్ల వైర్‌కి పెన్ను లేదు కాబట్టి దాన్ని చుక్కల గీతగా వేశా, గమనించగలరు.

ఇట్లు,
ఒక పాడి రైతు, గిద్దలూరు