మన ఊహారాజ్యం: ఆదివారం మీటింగ్

అందరికీ నమస్తే! మనందరం కలిసి ఊహించి కడుతున్న రాజ్యం గురించి ఆదివారం సాయంత్రం 5కి రెండో మీటింగ్, గూగుల్ మీట్‌లో. లింక్ అరగంట ముందు పెడతాను.

పోయినసారి రాజుగారి కత్తికి మూడు పేర్లు పెట్టాం, జనం ఏం తింటారో మాత్రం తేల్చలేదు! ఈసారి చెరువులు, పన్నులు, ఓడరేవు.

రేవు టీమ్, కాకతీయుల కాలపు ఓడరేవు మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం గురించి చదివి రండి. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును అంతకుముందు రాజులు లాక్కునేవారు. 1244లో కాకతీయ గణపతిదేవుడు సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనని అభయమిచ్చాడు. మరి మన రాజు ఏం చేస్తాడు?

మిగతావాళ్లు తలా ఒక వృత్తి తీసుకుని, ఆ మనిషి పొద్దున లేచి ఏం చేస్తాడో ఐదు లైన్లు రాసి శనివారం రాత్రిలోగా ఇక్కడే పెట్టండి. వాయిస్ నోట్లు వద్దు, ప్లీజ్.

మ్యాప్ గీసినవాళ్లూ, మీ నది కొండెక్కుతోంది. కాస్త కిందికి దింపండి 😄