నాన్న పాదం మళ్ళీ పైకి లేస్తోంది, వైజాగ్ కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్) ఫిజియోథెరపీ వాళ్ళకి చాలా చాలా థాంక్స్

మా నాన్న టైల్స్ మేస్త్రీ, మధురవాడ వైపు కొత్త అపార్ట్‌మెంట్లలో ఫ్లోరింగ్ పని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా గొంతుక్కూర్చునే ఉంటారు. ఉన్నట్టుండి నడుస్తుంటే కుడికాలి చెప్పు జారిపోవడం మొదలైంది, జారిన సంగతి కూడా ఆయనకి తెలీట్లేదు, వేళ్ళు గడపకి తన్నుకుంటున్నాయి, పాదం పైకి లేవట్లేదు. పక్షవాతమేమో అని అమ్మ ఒకటే ఏడుపు. ముందు చూపించిన చోట నడుం దగ్గర నరం అన్నారు, బెల్టు ఇచ్చారు, ఏం తగ్గలేదు.

కేజీహెచ్‌లో ఫిజియో మేడమ్ మాత్రం ముందు "పని దగ్గర ఎలా కూర్చుంటారు, చూపించండి" అన్నారు. పాదం లోపలికి తిప్పమంటే నాన్న గట్టిగానే తిప్పారు, పైకీ బయటికీ మాత్రం రాలేదు. మోకాలి కింద బయటివైపు ఎముక గుబ్బ ఉంటుంది కదా, దాని పక్కన వేలితో చిన్నగా కొడితే పాదం మీద దాకా జివ్వుమందంట. పాదాన్ని పైకెత్తించే పెరోనియల్ నరం అక్కడే ఫిబులా అనే ఆ ఎముక చుట్టూ తిరిగి వస్తుంది, చర్మం కిందే ఉంటుంది, గంటలకొద్దీ మోకాళ్ళు మడిచి కూర్చుంటే నలిగిపోతుంది. నరం ఎలా పనిచేస్తోందో కరెంట్ పెట్టి చూసే నర్వ్ కండక్షన్ టెస్టులోనూ అదే తేలింది.

ఇంక గొంతుక్కూర్చోవడం, కాలు మీద కాలు వేసుకోవడం బంద్. పాదం వాలిపోకుండా ఏఎఫ్‌ఓ అనే ప్లాస్టిక్ స్ప్లింట్, పిక్క బిగుసుకోకుండా టవల్‌తో లాగడం, కరెంట్ స్టిమ్యులేషన్, కొంచెం కదలిక వచ్చాక రబ్బరు బ్యాండ్‌తో ఎక్సర్‌సైజులు. నరం పై పొర ఒక్కటే దెబ్బతింటే వారాల్లో, ఒక్కోసారి నెలల్లో కోలుకుంటుంది, లోపలి పోగులు కూడా పోతే రోజుకి సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరగాలి అని ఓపిగ్గా చెప్పారు. నాన్న విసుక్కుంటే "ఏటి బాబాయ్, టైల్ అతికించిన వెంటనే తొక్కనిస్తారా మీరు?" అనేవారు, ఆ మాటకి ఆయన మళ్ళీ బ్యాండ్ అందుకునేవారు.

ఇప్పుడు మడమ మీద నిలబడి వేళ్ళు పైకెత్తుతున్నారు, పాదం పైన తిమ్మిరి ఇంకా కొంచెం ఉంది. మేడమ్‌కి, రోజూ కాలు పట్టుకుని చేయించిన స్టూడెంట్ పిల్లలకి మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉంటాం. అలాగే నాన్నతో పనిచేసే మావయ్యకి కూడా, నేల పని తను తీసుకుని నిలబడి చేసే బాత్రూం గోడల పని నాన్నకి ఇస్తున్నారు, కూలీ మాత్రం ఎప్పట్లాగే సగం సగం.