అలైన్‌మెంట్ ఖరారు కాకముందే ఊళ్లను అడగండి

సంపాదకులకు,

ఖరగ్‌పూర్ నుంచి విజయవాడకు ఒకటి, ఇటార్సీ నుంచి విజయవాడకు మరొకటి, కేవలం సరుకు రవాణా కోసం ప్రత్యేక రైలు మార్గాలు వేస్తామని కేంద్రం 2021-22 బడ్జెట్‌లో చెప్పింది. వాటి గురించి మన దగ్గర మాట్లాడేదల్లా ఎప్పుడొస్తాయి, ఏ పోర్టుకు లాభం అనే. అయితే ఈ లైన్లు పోయే ఊళ్లలో పర్యావరణం మీద ప్రజాభిప్రాయ సేకరణ జరపాలని ఏ నిబంధనా రైల్వేను కట్టడి చేయడం లేదు. ఈ సంగతి చాలామందికి తెలియదు.

2006 సెప్టెంబర్ 14న వచ్చిన పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌లో, ముందే పర్యావరణ అనుమతి తీసుకోవాల్సిన ప్రాజెక్టుల జాబితా ఉంది. అందులో జాతీయ రహదారులు, విమానాశ్రయాలు, ఓడరేవులు ఉన్నాయి. మొదట వచ్చిన జాబితాలో రోప్‌వేలు కూడా ఉండేవి. రైలు మార్గాలు మాత్రం లేవు. అదే కొత్త జాతీయ రహదారి అయితే, పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం స్థానిక భాషలో దొరకాలి. కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కలెక్టర్ గానీ ఆయన ప్రతినిధి గానీ సభ నడపాలి, దాన్ని వీడియో తీయాలి, జనం చెప్పినదాన్ని సభ చివర్లో వాళ్ల భాషలోనే చదివి వినిపించాలి. ఈ సభలు చాలాచోట్ల మొక్కుబడిగా సాగుతాయని నాకూ తెలుసు. అయినా అడిగిన ప్రశ్న రికార్డులో ఉంటుంది, రేపు కోర్టులో చూపించుకోవచ్చు. రైలు మార్గం పక్కన బతికేవాళ్లకు ఆ ఒక్క కాగితం కూడా లేదు.

మరి రైల్వేకు ఏ అనుమతీ అక్కర్లేదా అంటే, అటవీ భూమి తగిలితే అటవీ అనుమతి కావాలి. అందులోనూ రోడ్లు, కాలువలు, పైపులైన్ల వంటి పొడవాటి ప్రాజెక్టులకు గ్రామసభ సమ్మతి అక్కర్లేదని 2013 ఫిబ్రవరిలో కేంద్రం సడలించింది. ఒక్క ఆదిమ గిరిజన తెగల హక్కులు దెబ్బతినే చోట మాత్రమే మినహాయింపు. భూమి పోయే రైతుకు రైల్వే చట్టం కింద అభ్యంతరం చెప్పడానికి 30 రోజులుంటాయి. కానీ ఆ భూసేకరణ నోటిఫికేషన్ వచ్చేసరికి అలైన్‌మెంట్, అంటే లైను ఏ దారిన పోవాలన్నది, తేలిపోయి, సర్వే నంబర్లు అచ్చయి ఉంటాయి. 2013 భూసేకరణ చట్టంలోని నష్టపరిహారం, పునరావాసం నిబంధనలను 2015లో రైల్వేకూ వర్తింపజేశారు, మంచిదే. ప్రాజెక్టు వల్ల జనం బతుకులు ఎలా మారతాయో ముందే లెక్కగట్టే సామాజిక ప్రభావ అంచనాను మాత్రం బయటే ఉంచేశారు. పైగా ఆ అభ్యంతరం చెప్పే హక్కు, తీసుకుంటున్న భూమితో సంబంధం ఉన్నవాళ్లకే. సెంటు భూమి పోకపోయినా, పట్టాల కోసం మట్టి కట్ట వేశాక పొలంలో నీళ్లు నిలిచే రైతు ఎవరితో చెప్పుకోవాలి?

నా ఆందోళనంతా ఆ నీళ్ల గురించే. కోస్తాలో వాగులూ నదులూ ఎక్కువగా పడమటి నుంచి తూర్పుకు, సముద్రంలోకి పోతాయి. ఖరగ్‌పూర్ లైను తీరం వెంబడి వస్తుంది గనుక వంశధార, నాగావళి మొదలుకొని గోదావరి దాకా దాదాపు ప్రతి ప్రవాహాన్నీ అడ్డంగా దాటాల్సిందే. ఇప్పటికే హౌరా-చెన్నై లైను, జాతీయ రహదారి ఇదే పని చేస్తున్నాయి. ఇంకో కట్ట వస్తే దాని తూములు ఎక్కడ, ఎంత వెడల్పు అన్నదాని మీదే ఎగువ ఊళ్ల వానాకాలం ఆధారపడుతుంది. పెద్ద నదుల వంతెనల గురించి నాకు భయం లేదు, ఇంజనీర్లు వాటిని జాగ్రత్తగానే కడతారు. ఏడాదిలో పది నెలలు ఎండిపోయి ఉండే చిన్న వాగులు, పేరు కూడా లేని డ్రైన్లు, చెరువు అలుగు నీళ్లు పోయే దారులు, ఇవే లెక్కలోంచి జారిపోతాయి. వాటి సంగతి తెలిసినవాళ్లు ఊళ్లోనే ఉంటారు.

2005 అక్టోబర్ 29న వలిగొండ దగ్గర చెరువు తెగి పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. డెల్టా ప్యాసింజర్ అందులో పడి వంద మందికి పైగా చనిపోయారు. 2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం దగ్గర వరదకు పట్టాలు గాల్లో వేలాడటం అందరం చూశాం. నీటి దారి తెలుసుకోవడం రైతుకు ఎంత అవసరమో, రైల్వేకూ అంతే అవసరం.

ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్, బ్రిస్బేన్ మధ్య తలపెట్టిన ఇన్‌లాండ్ రైల్ అనే సరుకు రవాణా మార్గం విషయంలో ఇదే గొడవ వచ్చింది. కాండమైన్ నది వరద మైదానంలో కట్ట వేస్తే మునిగిపోతామని రైతులు పట్టుబట్టారు. 2020లో అక్కడి ప్రభుత్వాలు స్వతంత్ర వరద నిపుణుల బృందాన్ని పెట్టి క్వీన్స్‌లాండ్ భాగంలో వరద లెక్కలన్నీ మళ్లీ పరిశీలింపజేశాయి. అంత దూరం ఎందుకు, మన దేశంలోనే ఇంతకు ముందు మొదలుపెట్టిన సరుకు రైలు మార్గాల్లో, తూర్పు ఫ్రైట్ కారిడార్‌లో ఎక్కువ భాగానికి ప్రపంచ బ్యాంకు అప్పిచ్చింది, పశ్చిమ కారిడార్‌కు జపాన్ సంస్థ జైకా ఇచ్చింది. పర్యావరణ, సామాజిక అధ్యయనాలు, ఊళ్లలో సంప్రదింపులు వాళ్ల షరతులు కాబట్టి జరిగాయి. అప్పిచ్చేవాడు అడిగితే చేసే పనిని, భూమి ఇచ్చేవాడు అడిగినా చేయాలి కదా!

ఇవన్నీ పెడితే ప్రాజెక్టు ఆలస్యమవుతుందంటారు. ఆ రెండు కారిడార్లూ మొదట అనుకున్న గడువులు దాటిపోయాయి, భూసేకరణ వివాదాలు అందుకు ఒక ముఖ్య కారణం. ముందు వినకపోతే తర్వాత కోర్టులో వినాల్సి వస్తుంది. నేను రైలుకు వ్యతిరేకిని కాదు. టన్ను సరుకు మోయడానికి లారీ కంటే రైలుకు చాలా తక్కువ ఇంధనం చాలు. ఈ లైన్లు రావాలనే కోరుకుంటున్నాను.

కేంద్ర పర్యావరణ శాఖ కొత్త సరుకు రవాణా రైలు మార్గాలను 2006 నోటిఫికేషన్ జాబితాలో చేర్చాలి. అది జరిగేలోగా రైల్వే శాఖ తనంతట తానే ఒక పని చేయొచ్చు. భూసేకరణ నోటిఫికేషన్‌కు ముందే, పరిశీలనలో ఉన్న అలైన్‌మెంట్లు, తూముల స్థానాలు, అండర్ బ్రిడ్జిల్లో వాన నీళ్లు బయటికి పోయే ఏర్పాట్లు చూపించే మ్యాపులను తెలుగులో ప్రతి పంచాయతీ ఆఫీసులో పెట్టి, గ్రామసభల్లో వచ్చిన ప్రతి అభ్యంతరానికీ రాతపూర్వకంగా జవాబివ్వాలి. మన ఎంపీలు ఈ రెండు విషయాలనూ పార్లమెంటులో అడగాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు