సిస్‌ప్లాటిన్‌ను అదృష్టం ఖాతాలో వేయకండి

సంపాదకులకు నమస్కారం.

రెండు ఆదివారాల కిందట మీ అనుబంధంలో క్యాన్సర్ మందుల మీద వచ్చిన వ్యాసం గురించి ఇది. కోపం తగ్గాక రాద్దామని ఆగాను గానీ తగ్గలేదు.

ప్లాటినం ఉండే క్యాన్సర్ మందు సిస్‌ప్లాటిన్‌ను ‘అదృష్టవశాత్తూ దొరికిన మందు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అమెరికాలోని మిచిగాన్‌లో రోసెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త బ్యాక్టీరియాకు కరెంటు పెట్టి చూస్తుంటే ఎలక్ట్రోడ్ల ప్లాటినం కరిగి, ఆ బ్యాక్టీరియా విడిపోవడం మానేసి పోగుల్లా సాగింది, 1965 నాటి ఆ మాట నిజమే. కానీ సిస్‌ప్లాటిన్ అనే ఆ పదార్థం 1844లోనే పెయ్‌రోన్ అనే ఇటలీ కెమిస్ట్ చేసిపెట్టినదే కదా! నూట ఇరవై ఏళ్లు ఊరికే ఉన్న లవణం కరెంటు తగలగానే మందైపోయిందా? 1978లో అమెరికాలో అనుమతి వచ్చేదాకా ఎంతమంది కష్టపడ్డారు, అసలది కణంలో ఏం చేస్తుందో తెలుసుకోవడానికి ఎన్నేళ్లు పట్టింది? స్టీఫెన్ లిపార్డ్ అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్ మొదట అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీలో, 1983 నుంచి ఎంఐటీలో దశాబ్దాల పాటు ఆ ప్రశ్న వెంటే ఉన్నారు. ఆ మందు డీఎన్ఏ ముక్కను ఎలా పట్టుకుంటుందో 1985లో, జంటపేటల డీఎన్ఏను ఎలా వంచేస్తుందో 1995లో ఆయన బృందం స్ఫటికాల ద్వారా చూపించింది. ఆయన పేరే లేదు మీ వ్యాసంలో.

మా అక్కకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చినప్పుడు ఇదే మందు ఎక్కించారు. కిడ్నీలు పాడవకుండా ముందు సెలైన్, తర్వాత మళ్లీ సెలైన్, వెలుతురు తగలకుండా మందు సీసాకు నల్ల కవరు. ఆవిడ వాంతులతో బకెట్ పట్టుకుని కూర్చుంటే, రక్తంలో క్లోరైడ్ ఎక్కువ కాబట్టి ఇది చెక్కుచెదరదు, కణంలోకి వెళ్లాక క్లోరైడ్లు ఊడి ఆ చోట్లోకి నీళ్లు వస్తాయి, అప్పుడు డీఎన్ఏలో పక్కపక్కనున్న రెండు గ్వానిన్లను (డీఎన్ఏ నాలుగు అక్షరాల్లో ఒకటి) గట్టిగా పట్టుకుంటుంది అని నేను లోపల్లోపల పాఠం చెప్పుకుంటూ కూర్చున్నాను. ఆ రోజు నాకున్న ధైర్యం అదొక్కటే. అక్క ఇప్పటికీ మా ఇంటికి వచ్చి వెళ్తోంది.

ఇలాంటి పనిని అదృష్టం అంటే చదివే పిల్లలకు ఏం అర్థమవుతుంది? ఇప్పటికే డిగ్రీలో కెమిస్ట్రీ తీసుకుంటానంటే ఇంట్లోవాళ్లే వద్దంటున్నారు. నేను పనిచేసిన కాలేజీలో సిల్వర్ నైట్రేట్ అయిపోతే ఇండెంట్ పెట్టి రెండు టర్ములు తిరిగి, చివరికి నా జేబులోంచి కొన్నాను. రిటైరైనవాళ్ల పోస్టులు నింపరు, గెస్ట్ లెక్చరర్లకు నెలనెలా జీతం ఇవ్వరు, ప్రాక్టికల్స్ మాత్రం రికార్డుల్లో పూర్తయిపోతాయి. ఇవి మీ జిల్లా పేజీలో ఎందుకు రావు? ర్యాంకుల ప్రకటనలకు మాత్రం పేజీలకు పేజీలు దొరుకుతాయి!

వచ్చే ఆదివారం లిపార్డ్ గురించి కనీసం అర పేజీ ఇవ్వండి. 2014లో ఆయనకు అమెరికన్ కెమికల్ సొసైటీ ఇచ్చే ప్రీస్ట్లీ పతకం వచ్చినప్పుడు కూడా ఎవరూ రాయలేదు. పక్కన ఆ అణువు సిస్ (ఒకే రకం గుంపులు పక్కపక్కన), ట్రాన్స్ (ఎదురెదురుగా) బొమ్మలు రెండూ వేయండి, రెండింట్లోనూ అవే పరమాణువులు, అమరిక ఒక్కటే తేడా, ఒకటి మందు, ఇంకొకటి కాదు. నా దగ్గర చదివినవాళ్లు ఆ బొమ్మలు చూడగానే గుర్తుపడతారు.

– విశ్రాంత కెమిస్ట్రీ లెక్చరర్, తెనాలి