టీకా రోజున ఐదు ప్రశ్నలు అడగండి

సంపాదకుల వారికి,

ప్రత్యేక అవసరాలున్న పిల్లల గురించి ప్రభుత్వం చేసే ప్రచారం ఆటిజం అవగాహన దినమైన ఏప్రిల్ 2న, దివ్యాంగుల దినోత్సవమైన డిసెంబరు 3న తీసే ర్యాలీలతోనే ఆగిపోతోంది. అవగాహన కల్పించే బాధ్యతను 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 39వ సెక్షన్ ప్రభుత్వాలపైనే పెట్టింది. ర్యాలీలు వద్దనం. కానీ ఏడాదిన్నర బిడ్డను చంకనేసుకున్న తల్లి ర్యాలీకి రాదు, టీకాకు వస్తుంది.

9 నెలలు నిండాక తట్టు టీకాకు వచ్చినప్పుడు ఏఎన్‌ఎం రెండు ప్రశ్నలు అడగాలి: పేరు పెట్టి పిలిస్తే తిరుగుతోందా? ఆసరా లేకుండా కూర్చుంటోందా? 16-24 నెలల బూస్టర్ నాడు ఇంకో మూడు: నడుస్తోందా? కావాల్సింది వేలు పెట్టి చూపిస్తోందా? అర్థమయ్యే మాటలు కొన్నైనా వచ్చాయా? మాతా శిశు రక్షణ కార్డులో ఎదుగుదల వివరాలు అచ్చయ్యే ఉంటాయి. టీకా తేదీ రాసి కార్డు మడిచి ఇచ్చేస్తే ఆ పేజీ ఎవరూ తెరవరు.

ఒక్క జవాబు 'లేదు' అని వచ్చినా ముందు వినికిడి పరీక్షకు పంపాలి. ఇక్కడే చాలా ఇళ్లలో పొరపాటు జరుగుతుంది. వెనక నిలబడి పళ్లెం మోగిస్తారు, బిడ్డ తల తిప్పుతాడు, చెవులు బాగున్నాయనుకుంటారు. పెద్ద చప్పుడు వినపడే బిడ్డకు 'స', 'ష' లాంటి సన్నని ధ్వనులు వినపడకపోవచ్చు. ఒక్కోసారి తిరిగేది శబ్దానికి కాదు, గోడ మీద కదిలిన నీడకు. 'మగపిల్లాడు కదా, వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయి మాటలు' అనే ఓదార్పు దీనికి తోడైతే విలువైన రెండేళ్లు పోతాయి.

ఇంకో అపోహ, ముందు వైకల్య సర్టిఫికెట్ రావాలనేది. కనీసం 40 శాతం వైకల్యం ఉండాలనే లెక్క పింఛను లాంటి ప్రయోజనాలకు. థెరపీ మొదలుపెట్టడానికి ఏ శాతమూ అక్కర్లేదు. ఈ ఒక్క మాట ప్రభుత్వమే గట్టిగా చెప్పాలి.

మన నగరంలో ఎక్కడికి వెళ్లాలో కూడా చెప్పాలి. బుద్ధిమాంద్యం, ఎదుగుదల లోపాలకు సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. వినికిడికి అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రమూ అక్కడే. బడి ఈడు వచ్చిన ప్రత్యేక అవసరాల పిల్లలకు చదువు, శిక్షణ ఇచ్చే భవిత కేంద్రాలున్నాయి. ఈ చిరునామాలు, బస్సు నంబర్లతో సహా, ప్రతి బస్తీ దవాఖానా గోడ మీద తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో రాయించాలని వైద్యారోగ్య శాఖను కోరుతున్నాం.

- కొందరు ప్రత్యేక ఉపాధ్యాయులు, స్పీచ్ థెరపిస్టులు, హైదరాబాద్