శీనుకి, ఎడారి హద్దుల గురించి

శీనూ,

ఎలా ఉన్నావురా? నీ వాయిస్ మెసేజ్ విన్నాను, రాత్రి పడుకునే ముందు మళ్లీ విన్నాను. వఫ్రా తోటల దగ్గర నిలబడి దక్షిణంగా చూస్తే అటూ ఇటూ ఒకే ఇసుక, వాగు లేదు, కొండ లేదు, చెట్టు లేదు, మరి ఇక్కడిదాకా కువైట్, అక్కడి నుంచి సౌదీ అని ఎవరు తేల్చారు, ఏ ఆధారంతో తేల్చారు అని అడిగావు. ఫోన్లో రెండు ముక్కల్లో అయ్యేది కాదు, పైగా నాకు ప్రాణం లాంటి సంగతి, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. గుంటూరులో ఎండలు అప్పుడే ముదిరాయి. పదకొండు దాటితే పొలంలో సర్వే మిషన్ పెట్టలేకపోతున్నాం, లెన్సులో చూస్తే ఎదుటి కర్ర నీళ్లలో ఉన్నట్టు ఊగుతుంది. తెల్లారగట్లే తాడికొండ వైపో పత్తిపాడు వైపో వెళ్లి కొలతలు ముగించుకుని ఇంటికి వచ్చేస్తున్నాను, మధ్యాహ్నాలు ఖాళీ.

ముందు నువ్వు ఉన్న చోటు సంగతి. 1922 చివర్లో గల్ఫ్ ఒడ్డున ఉఖైర్ అనే చిన్న రేవులో మీటింగు పెట్టారు. ఒకవైపు తర్వాత సౌదీ రాజైన ఇబ్న్ సౌద్, ఒకవైపు ఇరాక్ వాళ్లు, మధ్యలో బ్రిటిష్ వాళ్ల పెద్ద అధికారి పెర్సీ కాక్స్. కువైట్ తరఫున కువైట్ మనిషి లేడురా, అక్కడి బ్రిటిష్ పొలిటికల్ ఏజెంటు మేజర్ మోర్ కూర్చున్నాడు. ఇబ్న్ సౌద్ వాదన ఏమిటంటే, ఎడారిలో గీత పనిచేయదు, ఏ తెగ నా మాట వింటుందో ఆ తెగ తిరిగే మేతా, తాగే బావులూ నావి అని. కాక్స్‌కి అలా కుదరదు, మ్యాపు మీద కదలని గీత కావాలి. రోజుల తరబడి తెగకపోయేసరికి కాక్స్ ఎర్ర పెన్సిల్ తీసి మ్యాపు మీద తానే గీసేశాడని అక్కడే ఉన్న డిక్సన్ అనే అధికారి తర్వాత రాసుకున్నాడు. ఆ గీతతో కువైట్ తనదనుకున్న నేలలో చాలా భాగం పోయింది. అయితే అదే మీటింగులో ఇంకో పని కూడా చేశారు, నాకు నచ్చింది అది. ఇరాక్, సౌదీ మధ్య ఒకటి, కువైట్, సౌదీ మధ్య ఒకటి, రెండు పెద్ద ముక్కల్ని ఎవరికీ ఇవ్వకుండా ఉమ్మడిగా వదిలేశారు, ఎడారిలో మందలతో తిరిగే బెదూయిన్లు రెండు వైపుల నుంచీ మందలు తోలుకొచ్చి నీళ్లు తాగించుకోవచ్చని. సరిహద్దు దగ్గరి బావుల మీద కోటలు కట్టకూడదు, వాటిని యుద్ధానికి వాడకూడదు అని కూడా ఒప్పందంలో రాసుకున్నారు. నువ్వు రోజూ తిరిగే వఫ్రా ఆ ఉమ్మడి ముక్కలోదే! 1965లో ఒప్పందం చేసుకుని దాన్ని చెరిసగం చేసుకున్నారు, ఉత్తర సగం కువైట్‌కి వచ్చింది. నేల పంచుకున్నా కింద ఉన్న నూనె మాత్రం ఈరోజుకీ ఇద్దరిదీ.

సరే, పెన్సిల్ గీతని నేల మీదికి దించడం ఎలా? అసలు పని అక్కడే ఉంది. ఒప్పందంలో 22వ అక్షాంశం అనో, 25వ రేఖాంశం అనో ఒక్క వాక్యం రాస్తారు, ఈజిప్టు దక్షిణపు హద్దూ పడమటి హద్దూ చాలా దూరం అలాంటివే. ఆ వాక్యాన్ని ఇసుకలో వెతకడానికి మనిషి ఒంటెల మీద నీళ్లూ పరికరాలూ వేసుకుని నెలల తరబడి వెళ్లాలి. శాటిలైట్లు రాకముందు దారి చూపేది ఆకాశం ఒక్కటే. అక్షాంశం కొంచెం సులువు, ధ్రువ నక్షత్రం ఎంత ఎత్తులో ఉందో కొలిస్తే తెలిసిపోతుంది. రేఖాంశం దగ్గరే గండం, దానికి గడియారం కావాలి. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది కదా, అంటే గడియారం ఒక్క సెకను తప్పితే భూమధ్యరేఖ దగ్గర నీ హద్దు దాదాపు 460 మీటర్లు పక్కకి జరిగిపోతుంది. ఒంటె మీద కుదుపులకి, పగటి మంటకి, రాత్రి చలికి ఆ గడియారం సెకను కూడా తప్పకుండా ఎలా ఉంటుంది చెప్పు? అందుకే నాలుగైదు గడియారాలు పట్టుకెళ్లి ఒకదానితో ఒకటి సరిచూసుకునేవాళ్లు. టెలిగ్రాఫ్ తీగ ఉన్నంతవరకు దాని మీద టైము తెప్పించుకునేవాళ్లు, ఆ తర్వాత రేడియో సిగ్నల్ వచ్చి వాళ్ల ప్రాణం కాస్త కుదుటపడింది. పగలు ఎండమావుల్లో దూరపు గుర్తు కనపడదు కాబట్టి రాత్రిపూట దీపాలు పెట్టి చూసుకునేవాళ్లు. మా లెన్సులో కర్ర ఊగడం చూసినప్పుడల్లా నాకు వాళ్లే గుర్తొస్తారు.

ఇంకో చిక్కు ఉంది, అది మన దేశంలోనే బయటపడింది. గుండు కట్టిన దారం నిలువుగా కిందికి వేలాడుతుంది అనుకుంటాం, పక్కన పెద్ద కొండల వరుస ఉంటే ఆ బరువు గుండుని కాస్త తనవైపు లాగుతుంది. మన దేశపు పెద్ద త్రికోణ సర్వేలో కలియానా, కలియాన్‌పూర్ అనే రెండు చోట్ల మధ్య దూరం నేల మీద కొలిస్తే ఒకటి వచ్చింది, నక్షత్రాలతో లెక్కిస్తే ఇంకొకటి వచ్చింది. తేడా 5 ఆర్క్ సెకన్ల పైచిలుకు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు), నేల మీద చూస్తే సుమారు 160 మీటర్లు. హిమాలయాల లాగుడు దీనికి కారణమా అని ప్రాట్ అనే ఆయన లెక్కలు కట్టాడు. చూస్తే కొండలు లాగాల్సినంత కూడా లాగలేదని తేలింది, దాంతో భూమి లోపల ఏముంది అన్న పెద్ద చర్చే మొదలైంది. అంటే ఆకాశం చూసి ఎంత శ్రద్ధగా లెక్క కట్టినా హద్దు వంద రెండొందల మీటర్లు అటో ఇటో పడొచ్చు, అందులో సర్వేయరు తప్పేమీ లేదు.

గొలుసుతో కొలిచే చోట గొలుసే మోసం చేస్తుంది. ఇది దేశాల హద్దు కాదు, ఆస్ట్రేలియాలో రాష్ట్రాల హద్దు, అయినా చెప్పకుండా ఉండలేను. 1880లో ఆగస్టస్ పోపెల్ అనే సర్వేయర్ సింప్సన్ ఎడారిలో మూడు హద్దులు కలిసే మూల వెతుక్కుంటూ వెళ్లాడు. అక్కడ పాతడానికి చెట్టు కూడా దొరకదని పెద్ద దుంగని ఇసుక దిబ్బల మీదుగా ఒంటెలతో ఈడ్పించుకెళ్లాడు. తీరా చూస్తే ఆయన గొలుసు ఒక అంగుళం పొడుగు. ఒక్క అంగుళమేరా! కానీ అన్ని వందల సార్లు పరిచిన గొలుసు కదా, తర్వాత ఇంకో సర్వేయర్ మళ్లీ కొలిచి ఆ దుంగని పీకి సరైన చోట పాతాల్సి వచ్చింది.

ఇప్పుడు మీ ఉత్తరం హద్దు, అదే ఇరాక్ వైపు సంగతి. అబ్దలీ దాటితే సఫ్వాన్ వస్తుంది కదా. 1932లో ఇరాక్, కువైట్ మధ్య రాసుకున్న ఉత్తరాల్లో ఆ హద్దుని ఎలా చెప్పారంటే, బాతిన్ వాగు వెంబడి వచ్చి, సఫ్వాన్ అక్షాంశానికి కాస్త దక్షిణంగా ఒక చోటు దాకా, అక్కడి నుంచి తూర్పుకి సఫ్వాన్ బావులకి దక్షిణంగా అని. కాస్త అంటే ఎంత? నేల మీద ఉన్న ఆధారమల్లా ఊరి చివరి ఖర్జూరపు చెట్లకి దక్షిణాన బ్రిటిష్ వాళ్లు పాతిన ఒక నోటీసు బోర్డు. ఆ బోర్డు ఒకసారి పోయింది, మళ్లీ పెట్టారు, మళ్లీ పోయింది. చెట్లు కొత్తవి మొలిచాయి, పాతవి చచ్చాయి. 1990లో ఇరాక్ కువైట్‌ని ఆక్రమించి, ఆ యుద్ధం ముగిశాక 1991లో ఐక్యరాజ్యసమితి ఐదుగురితో కమిషన్ వేసింది, ఇరాక్ తరఫున ఒకరు, కువైట్ తరఫున ఒకరు, మిగతా ముగ్గురు బయటివాళ్లు. ఆ ముగ్గురిలో ఇద్దరు సర్వేయర్లే, ఒకరు స్వీడన్, ఒకరు న్యూజిలాండ్. ఇరాక్ ప్రతినిధి మధ్యలో రావడం మానేశాడు. వీళ్లు పాత ఉత్తరాలూ పాత మ్యాపులూ తిరగేసి, ఆ బోర్డు ఎక్కడ ఉండి ఉంటుందో లెక్క తేల్చి, విమానం నుంచి తీసిన ఫొటోలతో కొత్త మ్యాపులు తయారుచేసి, మందుపాతరలున్న నేలలో తిరిగి 106 స్తంభాలు పాతారు. 1993 మే నెలలో 833వ తీర్మానంతో భద్రతా మండలి దాన్ని ఖాయం చేసింది, 1994 నవంబరులో ఇరాక్ కూడా ఒప్పుకుంది. పని చాలా గొప్పగా చేశారు, సందేహం లేదు. కానీ ఆ గీత పడ్డాక కొందరు ఇరాక్ రైతుల పొలాలూ ఇళ్లూ కువైట్ వైపు తేలాయి, తరతరాలుగా అక్కడే తోటలు వేసుకున్నవాళ్లు లేచి పోవాల్సి వచ్చింది. పరిహారం ఇచ్చారు. ఇచ్చినా నాకు మనసు ఒప్పదు. 1932లో ఆ "కాస్త దక్షిణంగా" బదులు ఇద్దరినీ నిలబెట్టి ఒక రాయి పాతి ఉంటే ఆ రైతులు అక్కడ చెట్టే నాటేవాళ్లు కాదు కదా.

నేను ఇంత రాస్తున్నది ఈ ఒక్క మాట కోసమేరా. హద్దు పుట్టేది మ్యాపు మీద కాదు, ఇద్దరూ చూస్తుండగా పాతిన గుర్తులో. నువ్వు నమ్మకపోతే తాబా కేసు చూడు. 1906లో ఈజిప్టుకీ తుర్కులకీ మధ్య సినాయ్ ఎడారిలో రఫా నుంచి అఖబా సముద్రం దాకా హద్దు వేసి స్తంభాలు కట్టారు, ఒక స్తంభం దగ్గర నిలబడితే ఇంకోటి కనబడాలని ఒప్పందంలోనే రాసుకున్నారు. ఎనభై ఏళ్ల తర్వాత ఈజిప్టు, ఇజ్రాయెల్ 14 స్తంభాలు ఎక్కడ ఉండేవి అని కొట్టుకున్నాయి. అన్నిటికన్నా పెద్ద గొడవ సముద్రపు ఒడ్డున ఉన్న 91వ స్తంభం మీద, అది మాయమైపోయింది, దానితోపాటే తాబా అనే బీచి ఎవరిదో తేలకుండా పోయింది. ఆ గొడవ తేల్చడానికి వేసిన ట్రిబ్యునల్ పాత ఫొటోలు బయటికి తీయించి చూసింది. ఈజిప్టు చూపించిన చోటు నుంచి పక్క స్తంభం కనబడదు కాబట్టి అది ఒప్పందం ప్రకారం లేదు అని ఇజ్రాయెల్ వాదించింది. ట్రిబ్యునల్ 1988లో చెప్పింది ఏమిటంటే, ఇద్దరూ కలిసి గుర్తు పాతుకుని దాన్నే హద్దుగా ఒప్పుకుని బతికాక, కాగితంతో కాస్త తేడా ఉన్నా ఆ గుర్తే హద్దు అని. తాబా ఈజిప్టుకి వెళ్లింది. చదివినప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో! ఎఫ్ఎంబీలో, అదే పొలాల కొలతల పుస్తకంలో, కొలత ఒకటి ఉంటుంది, రాయి మూరెడు పక్కన ఉంటుంది, అన్నదమ్ములిద్దరూ ముప్పై ఏళ్లుగా ఆ రాయి దగ్గరే గట్టేసుకుని దున్నుకుంటుంటారు, ఆ రాయి కదిలించొద్దని నేను ప్రతి ఊళ్లో చెప్పే మాటే ఇది.

ఆ ట్రిబ్యునల్ పెద్ద ఎవరో తెలుసా? గున్నార్ లాగర్‌గ్రెన్, స్వీడన్ జడ్జి. అంతకు ఇరవై ఏళ్ల ముందు మన కచ్ రణ్ కేసు తేల్చింది కూడా ఆయన అధ్యక్షతనే. 1965 ఏప్రిల్లో ఆ ఉప్పు ఎడారిలో మనకీ పాకిస్తాన్‌కీ కాల్పులు జరిగాక ముగ్గురితో ట్రిబ్యునల్ వేశారు, 1968 ఫిబ్రవరి 19న ఇద్దరు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా తీర్పు వచ్చింది. గొడవలో ఉన్న నేలలో పదో వంతు పాకిస్తాన్‌కి, మిగతాది మనకి. తీర్పు మీద మన దగ్గర చాలా గోల జరిగింది, అయినా ప్రభుత్వం మాట నిలబెట్టుకుని స్తంభాలు పాతించింది. వానాకాలం నీళ్లు నిలిచే ఆ ఉప్పు బురదలో స్తంభాలు నిలబెట్టిన వాళ్లకి దండం పెట్టాలి.

స్తంభం పాతని చోట ఏమవుతుందో కూడా చెప్తాను. ఈజిప్టు, సూడాన్ మధ్య హద్దు 22వ అక్షాంశం అని 1899 ఒప్పందం అంది. 1902లో పాలన సౌకర్యం కోసం ఇంకో గీత వేశారు, బిషారీ తెగ తిరిగే హలాయిబ్ వైపు ముక్క సూడాన్ చూసుకోవాలి, అబాబ్దా తెగ మందలు మేపే బీర్ తవీల్ ఈజిప్టు చూసుకోవాలి అని. హలాయిబ్ పెద్దది, దానికి సముద్రం ఉంది. అది కావాలంటే ఈజిప్టు 1899 గీత పట్టుకోవాలి, సూడాన్ 1902 గీత పట్టుకోవాలి. ఏది పట్టుకున్నా బీర్ తవీల్ ఎదుటివాడికి పోతుంది, అందుకని 2,060 చదరపు కిలోమీటర్ల నేల మాది అని ఇద్దరూ అనడం లేదు. ఎవరిదీ కాని నేల అని పేపర్లలో రాస్తారు, 2014లో ఒక అమెరికన్ వెళ్లి జెండా పాతి తన కూతురు అక్కడ యువరాణి అన్నాడు. నాకు కోపం వచ్చేది అక్కడే. అబాబ్దా, బిషారీ వాళ్లు వాన పడితే ఒంటెలు తోలుకెళ్లే చోటు అది, ఎవరిదీ కాకపోవడం ఏమిటి?

ఇప్పుడు రోవర్, అదే శాటిలైట్లతో కొలిచే మిషన్, పట్టుకుంటే రెండు సెంటీమీటర్లకి చెబుతుంది, ఇంకా రాళ్లెందుకు అని నువ్వు అడుగుతావు, మా దగ్గర రీసర్వేకి వచ్చిన కుర్రాళ్లూ అదే అడుగుతారు. దానికి ఎరిట్రియా, ఇథియోపియా సమాధానం. 1908 ఒప్పందం ప్రకారం దనాకిల్ ఎడారిలో వాళ్ల హద్దు సముద్రపు ఒడ్డుకి 60 కిలోమీటర్ల దూరంలో సమాంతరంగా పోవాలి, తీరం వంకరటింకరగా ఉంటే సమాంతరం ఎలా అన్నదే ఒక తలనొప్పి. వాళ్ల హద్దు తేల్చడానికి వేసిన కమిషన్ 2002 ఏప్రిల్లో తీర్పు చెప్పింది, బాద్మే ఊరు ఎరిట్రియాకి పడింది. ఇథియోపియా స్తంభాలు పాతనివ్వలేదు. చివరికి 2007 నవంబరు ఆఖరున కమిషన్, ఇవిగో అక్షాంశ రేఖాంశాలు, వీటితోనే హద్దు పాతినట్టు లెక్క అని చెప్పి పని ముగించింది. లెక్కలు పక్కాగానే ఉన్నాయి. ఆ తర్వాత పదేళ్లు గడిచినా బాద్మే ఇథియోపియా చేతిలోనే ఉండేది.

నువ్వు ఎప్పుడైనా పడమట సాల్మీ రోడ్డు వైపు వెళ్తే, మూడు దేశాలు కలిసే మూల అటే ఉంది, బాతిన్ వాగులో. దూరం నుంచి చూడు చాలు, స్తంభం కోసం దగ్గరికి పోవద్దు, ఫొటోలు అసలొద్దు, ఆ చుట్టుపక్కల పాత మందుపాతరలు ఇంకా ఉండొచ్చు, సైనికులు పట్టుకుంటే నీ ఇకామా, అదే అక్కడ ఉండే పర్మిట్, సంగతి తేలేదాకా మీ అమ్మ ఇక్కడ అన్నం మానేస్తుంది. పెద్దమ్మని మొన్న బ్రాడీపేటలో చూశాను, మోకాలు నొప్పి తగ్గింది, నువ్వు పంపిన ఖర్జూరాలు మా ఇంటికీ ఇచ్చింది. ఈసారి నువ్వొచ్చేటప్పుడు కువైట్ పాత మ్యాపు ఏదైనా పుస్తకాల షాపులో దొరికితే తీసుకురా, ఉమ్మడి ముక్క గీసి ఉన్నదైతే మరీ మంచిది, ఎంతైనా ఇస్తాను.

నీ
రమణ